బ్రేకు వైరు గిటారు

హైదరాబాదు వెళ్లొచ్చి చార్మినార్ ఎక్కలేదంటే మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు. ముత్యాలు తెచ్చారా అని ఆడవాళ్లూ, బిర్యానీ ఎలా ఉందని మగవాళ్లూ అడిగారు. ముత్యమన్నది నేను చూడలేదు. బిర్యానీ ఒక పూట తిన్నాను గాని రుచి గుర్తులేదు. పాతబస్తీ అంటే నాకిప్పుడు తెరిపివ్వని వాన, ఆరని వినాయకుళ్లు, బ్రేకు లేని సైకిలు. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను కనుక వాటి గురించే రాస్తాను. చార్మినార్ సంగతి ఎవరైనా చెబుతారు.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. నాది విశాఖపట్నం, రేవులో గుమస్తా పని. ప్రాణం మాత్రం రాక్ సంగీతం మీద. అదీ స్టూడియోలో తలుపులేసుకుని పాడినవి కాదు, జనం ముందు వాయిస్తుండగా పట్టిన రికార్డింగులు. ఈలలు, అరుపులు, తీగ తెగిన చప్పుడు, వాయించేవాడు తనలో తాను నవ్వుకున్న నవ్వు, ఇవన్నీ ఉంటేనే నాకు పాట. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

ఆరేళ్ల కిందట ఒక విదేశీ ఓడలో వంటవాడు నాకొక క్యాసెట్ వినిపించాడు. పైన పేరూ ఊరూ ఏమీ లేవు. ఎక్కడో పెద్ద మైదానంలో జరిగిన కచేరీ. అందులో ఒకాయన గిటార్ తీగలను వేళ్లతో నొక్కకుండా, సీసా మెడ ముక్క వేలికి తొడుక్కుని తీగల మీద జారుస్తూ వాయిస్తాడు. స్వరం మెట్లెక్కదు, వాలులో నీళ్లు జారినట్టు జారుతుంది. సాయంత్రానికి ఓడ వెళ్లిపోతుందన్నారు. పరుగున ఇంటికొచ్చి నా టేప్ రికార్డర్ పట్టుకెళ్లి, అతని యంత్రం ముందు పెట్టి పాటంతా పట్టుకున్నాను. కొత్త బ్యాటరీలు కొనడానికి చేతులు రాక టార్చిలైటులోవి పీకి వేశాను. ఈ పిసినారితనం కాస్త గుర్తుపెట్టుకోండి.

దాని నకలు ఒకటి పాతబస్తీలో జహనుమా అనే పేటకు వెళ్లింది. అక్కడ సామ్యూల్ అని నా కలం స్నేహితుడు, ప్రభుత్వ ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు. ఆదివారాలు చర్చిలో గిటార్ ఒళ్లో పడుకోబెట్టుకుని స్టీలు కడ్డీ జార్చి కీర్తనలు వాయిస్తాడు. పత్రికలో నా చిరునామా చూసి రాశాడు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు గాని, మా ఇద్దరి ఉత్తరాల మీద తపాలా శాఖ బతికిందని చెప్పవచ్చు.

ఆ టేపులో ఒక వింత ఉంది. చివరి ఇరవై నిమిషాల్లో శ్రుతి తెలిసీ తెలియకుండా పైకి పోతూ ఉంటుంది. గిటారే కాదు, డ్రమ్ములు, గొంతు, జనం చప్పట్లు కూడా వేగం పుంజుకుంటాయి. ఆ మహానుభావుడు వాయిస్తూనే తీగలన్నీ ఒక్కసారిగా బిగించుకుంటూ పోతున్నాడనీ, తక్కినవాళ్లు అతని వెంట పరుగెడుతున్నారనీ నేను సిద్ధాంతం చేశాను. ఎనిమిది పేజీల ఉత్తరం రాశాను. ‘ఈ పని చేయగలవాడు మన దేశంలో పుట్టలేదు’ అని ముగించాను. జవాబుగా కార్డు ముక్క వచ్చింది. అందులో ఒకటే వాక్యం: ‘నేను చేస్తా అన్నా.’

ఈ వేసవిలో ఇంకో ఓడవాడు అదే కచేరీ శుభ్రమైన క్యాసెట్ మీద తెచ్చాడు. విన్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే శ్రుతి, గోడకు కొట్టిన మేకులాగా. ఎక్కడా ఎక్కలేదు, దిగలేదు. అప్పుడు వెలిగింది. ఆ రోజు నా టార్చి బ్యాటరీలు సగంలో నీరసపడి ఉంటాయి. టేపు మెల్లగా తిరుగుతూ పట్టుకుంది. మెల్లగా పట్టుకున్నదాన్ని మామూలు వేగంతో వినిపిస్తే పాట పరుగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. విద్యా లేదు, మాయా లేదు.

చాలాసేపు నవ్వాను. ఇది ఉత్తరంలో రాస్తే మజా ఉండదు, ఎదురుగా కూర్చుని చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకోవాలి అనుకున్నాను. సెలవు పెట్టి, కొత్త క్యాసెట్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

రైల్లో

నా ఎదుటి బల్ల మీద ఒక రిటైరైన హవల్దారు కూర్చున్నాడు. ఒళ్లో ఆవకాయ జాడీ, దానికి తువ్వాలుతో తలపాగా. కూతురికి తీసుకెళ్తున్నాడట. జాడీని కింద పెట్టమంటే, “కింద పెడితే కుదుపుకి నూనె పైకొస్తుందండీ” అన్నాడు. రాత్రంతా దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నేనేం తీసుకెళ్తున్నానని అడిగాడు. పాటల టేపు అన్నాను.

“భక్తి పాటలా?”

“కాదండీ. గిటార్.”

“దాన్ని ఒళ్లో పెట్టుకోనక్కర్లేదు లెండి, ఒలకదు” అన్నాడు.

దిగేటప్పుడు అతని జాడీకి సాయం పట్టబోయి నా గొడుగు రైల్లో వదిలేశాను. బయట జోరువాన. ఆ తరువాత మూడు రోజులూ నేను ఆరలేదు.

జహనుమా

మా ఊరి వానకు ఉరుములు, గాలి, హంగామా ఉంటాయి. వచ్చినట్టూ తెలుస్తుంది, పోయినట్టూ తెలుస్తుంది. ఇక్కడి వాన మాట్లాడకుండా పడుతుంది. రిక్షా అతను అడ్రసు చదివించుకుని, “ఫలక్‌నుమా కె బాజూ, హౌ” అని, అంటే ఫలక్‌నుమా పక్కనే, తెలుసునని తల ఊపి, దారి పొడుగునా వంతెన కింద నీళ్లు నిలిచాయని ఉర్దూలో ఎవరినో తిట్టాడు. నన్ను కాదని మాత్రం అర్థమైంది.

ఇంటి గుమ్మంలో నల్లద్దాల మనిషి నిలబడి ఉన్నాడు. వానలో నల్లద్దాలేమిటి, హైదరాబాదు షోకు కాబోలు అనుకున్నాను.

“మూర్తన్నా! వచ్చినవా! గిట్ల తడిసినవేంది!” అని నా సంచి లాక్కుని, లోపలికి కేకేశాడు. “మార్తా, అన్న వచ్చిండు. చాయ్ పెట్టు!”

లోపల అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎడమ కన్ను తెల్లగా, ఉడికిన గుడ్డులా ఉంది. నేను చూడటం చూసి, “రెండేండ్లయింది అన్నా. తీగ తెగి కొట్టింది. రాస్తే ఫికర్ చేస్తవని రాయలే” అన్నాడు. మా ఇంట్లో పిల్లి పోయింది, రాయలేదు అన్నంత మామూలుగా అన్నాడు.

ఏ తీగో అడగకుండానే చూపించాడు. గోడకు ఆనించి గిటారు ఉంది. దాని అడుగున ఇనుప మీట, మీటకు బిగించిన సైకిలు బ్రేకు వైరు, వైరు చివర కాలితో తొక్కే చెక్క. తొక్కితే మీట లాగి ఆరు తీగలూ ఒకేసారి బిగుస్తాయి. అంతా అతనే లేత్ మీద చేసుకున్నాడు.

“టేపుల ఆయన ఎట్ల చేసిండో నాకు తెల్వది. నేనైతే గిట్ల చేసిన. ఆఖర్‌కు ఇంక సగం సుర్ తక్కువ వస్తున్నది. అప్పట్ల గాడనే తెగింది.” సుర్ అంటే స్వరం.

సంచిలో క్యాసెట్ ఉంది. దాన్ని కాలితో గోడవారకు నెట్టాను.

సాయంత్రం అతను మాంసం తేవడానికి బయటికి పోగానే అతని భార్య మార్త నా ముందు కూర్చుంది. సన్నగా, నడుముకు కొంగు బిగించుకుని, మాటకు ముందు ఊపిరి తీసుకునే మనిషి.

“అన్నా, నువ్వు చెప్తె ఇంటడు. నీ ఉత్తరాలు బైబిల్ పక్కన పెడ్తడు” అంది. “ఫ్యాక్టరీల లేత్ మీదికెల్లి తీసి స్టోర్‌ల కూసోబెట్టిన్రు. ఒంటి కన్నోనికి మెషిన్ ఇయ్యరట. డాక్టర్ ఏమన్నడు, ఇగ ఉన్నది ఒక్కటే, కాపాడుకో అన్నడు. ఈయన ఆ ఒక్కదాన్ని తీగల మీదికి వంచి చూస్తడు. నేను గిటార్ బంద్ చెయ్యమంటలేను అన్నా. చర్చిల వాయించనీ. గా బిగిచ్చుడు ఒక్కటి బంద్ చెయ్యమను.”

చెబుతానమ్మా అన్నాను. చెబితే కన్ను దక్కుతుంది. కాని దేని కోసం మొదటి కన్ను పోయిందో అది లేనే లేదని కూడా చెప్పినట్టవుతుంది. రెండూ ఒకటే మాట. ఒకటి చెప్పి ఇంకొకటి దాచే ఉపాయం నాకు తట్టలేదు.

రాత్రి జొన్నరొట్టె, మాంసం, పచ్చిపులుసు. మా వైపు చారంటే కాచి, తాలింపు వేసి, గిన్నె దించేదాకా ఒక తంతు. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, మిరపకాయ పిసికి, పొయ్యి మొహం చూపించకుండానే వడ్డిస్తారు. మొదటి ముద్దకు మొహం చిట్లించి, మూడో ముద్దకు మళ్లీ వేయమన్నాను. మార్త నవ్వింది. ఆ ఇంట్లో నేను చూసిన నవ్వు అదొక్కటే.

శాలిబండ

మర్నాడు శనివారం. సామ్యూల్ సెలవు పెట్టి, ఊరు చూపిస్తానని నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. శాలిబండ దగ్గర రోడ్డు దిగుడు. సైకిలు జోరందుకుంది.

“బ్రేకు వేయండి సామ్యూల్ గారూ!”

“బ్రేకు ఏడిది అన్నా? గిటార్‌ల ఉన్నది గదా!” అని నవ్వి, కుడికాలు నేలకు రాసి ఆపబోయాడు. తడి రోడ్డు. ఒక మేక వెనక భాగానికి తగిలి ఆగాం. మేకకు ఏమీ కాలేదు, నా పంచె చిరిగింది. మేక తాలూకు ముసలాయన మమ్మల్ని తిట్టబోయి, సామ్యూల్‌ను గుర్తుపట్టి, “అరె సామూ భాయ్, ఫిర్ వహీ?” అన్నాడు. మళ్లీ అదేనా అని. ఆ రోడ్డు మీద చాలా మేకలకు అతను పరిచయమే అన్నమాట. అతని కుడి చెప్పు అడుగు కాగితంలా అరిగిపోయి ఉంది.

ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మా ఊళ్లో టీ తాగి లేవకపోతే యజమాని గుడ్లురుముతాడు. ఇక్కడ అరవై పైసల చాయ్ ముందు పెట్టుకుని పొద్దంతా కూర్చున్నా అడిగేవాడు లేడు. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడానికి ఖాళీ కప్పు ఇంకోటి తెచ్చిస్తారు, అదీ మర్యాదగా.

ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాను. “సామ్యూల్ గారూ, ఆ టేపు...” అని మొదలుపెట్టాను.

“గా టేపు లేకుంటె నేను ఏమైతుంటినో అన్నా” అని అందుకున్నాడు. “స్టోర్‌ల కూసుంటె పొద్దు పోదు. బోల్టులు లెక్కపెట్టుడే. కండ్లు మూసుకుని టేపు మొత్తం మనసుల నడిపిస్త. ఏ నిమిషంకు ఏమొస్తదో నాకెరుక. పొద్దు గుంకుతది.”

చాయ్ చల్లారిపోయింది. నేను బిస్కట్ ముంచాను, అది విరిగి కప్పులో పడిపోయింది. మిగిలిన రోజంతా చూసినవి నాకు పెద్దగా గుర్తులేవు. బిర్యానీ తిన్నది ఆ మధ్యాహ్నమే.

ధూల్‌పేట్

ఆదివారం చర్చి అయ్యాక ధూల్‌పేట్ వెళ్లాం. అక్కడ మోహన్ సింగ్ అని వినాయకుళ్లు చేసే ఆయన. అతని షెడ్డులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా టేపు వినడానికి ముగ్గురు స్నేహితులు కూడతారు. ఎందుకక్కడ అంటే, చుట్టుపక్కల ఎంత గోల చేసినా అడిగేవాళ్లు లేరట. మూడో మనిషి గోవింద్ సేఠ్, ఇత్తడి సామాన్ల టోకు వ్యాపారి. పెద్ద టేప్ డెక్కు ఉన్నది ఆయనకే. దాన్ని శాలువా కప్పి రిక్షాలో తెచ్చాడు. తను మాత్రం తడిసి వచ్చాడు.

షెడ్డు నిండా వినాయకుళ్లు. కొందరికి తొండం లేదు, కొందరికి చేతులు లేవు, ఎవరికీ కళ్లు లేవు. ఈ వానకు మట్టి ఆరడం లేదని మోహన్ సింగ్ కుంపట్లు పెట్టాడు. పొగ, తడి గడ్డి వాసన. మాట్లాడుతూనే వేలి కణుపుతో ఒక్కో బొజ్జ మీద కొట్టి చూస్తున్నాడు.

“తడి ఉంటె మొద్దు సప్పుడొస్తది భాయ్ సాబ్. ఆరితె సుర్ పైకి పోతది” అని నాకు వివరించాడు. “టేపుల గోరా దొర గిటార్ కూడ గంతే. స్టేజీ మీద పెద్ద లైట్లుంటయి గదా, కట్టె ఆరుతది, సుర్ ఎక్కుతది. ఈ సామూ ఒప్పుకోడు.”

“కట్టె ఆరితె జనం చప్పట్లు ఎందుకు ఎక్కుతయి?” అన్నాడు సామ్యూల్.

“కళ్లు ఎప్పుడు వేస్తారు?” అని నేను మాట మార్చాను.

“కండ్లు ఆఖర్‌కు. ముందుగాల్నె రాస్తె దుమ్ము పడ్తది.”

“నాకు గూడ ఒకటి రాయి మోహన్ భాయ్” అన్నాడు సామ్యూల్. “ఎడమది.”

వాళ్లిద్దరూ నవ్వారు. పాత జోకు అనుకుంటాను.

టేపు పెట్టారు. ఇక వాళ్ల వాదన వినాలి. టేపులో ఆయన నిలబడి, సీసా ముక్క చిటికెన వేలికి పెట్టి వాయిస్తాడని సేఠ్. కాదు, ఒళ్లో పెట్టుకునే అని సామ్యూల్. “నిలవడితె కడ్డీ వెనక వేళ్లు ఆనవు సేఠ్. ఆనకపోతె తీగ వెనక దిక్కు గూడ గుంయిమంటది. ఈయన సుర్ సాఫ్ ఉన్నది, ఇను” అని సామ్యూల్ తన కడ్డీ తీసి నాకు చూపించాడు. కడ్డీ మెట్టుకూ మెట్టుకూ మధ్యలో కాదు, గిటారు మెడ మీద అడ్డంగా బిగించిన మెట్టు కమ్మీకి సరిగ్గా నెత్తిన నిలవాలట. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే బేసుర్, అపస్వరం. నొక్కకూడదు. నిద్రపోయే బిడ్డ వీపు మీద చెయ్యేసినంత బరువు చాలు. వణుకు మణికట్టులోంచి రావాలి, మోచేతిలోంచి కాదు. ఆరేళ్లుగా నేను పేజీలకు పేజీలు రాసిన విద్య అంతా ఇతని అరచేతి బరువు ముందు వట్టి కాగితమని ఆ నిమిషంలో తెలిసింది.

టేపు చివరికొస్తోంది. శ్రుతి ఎక్కుతోంది. సేఠ్ చెయ్యెత్తాడు. “ఇగో, మున్నీ వస్తది, ఇనిపించున్రి అన్నకు.”

“మున్నీ ఎవరు?” అన్నాను.

“టేపుల పాపకు మేం పెట్టుకున్న పేరు భాయ్ సాబ్” అన్నాడు మోహన్ సింగ్. “గిటార్ వాయించే ఆయన బిడ్డ. స్టేజీ కాడ కూసుంటది. జర దగ్గుతది. దగ్గు ఇనంగనే ఆయన సుర్ ఇంక ఎక్కిస్తడు, పాపను నవ్విపించెతందుకు. మీరు ఇన్లేదా ఎప్పుడు?”

విన్నాను. టేపులోంచి సన్నగా, పీలగా, రెండు దగ్గులు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి.

అది నా దగ్గు. ఓడ వంటగదిలో ఆ రోజు నాకు జలుబు. నీరసపడ్డ బ్యాటరీల మీద నా గొంతే పసిపిల్ల గొంతైంది. మా ఇంట్లో ఆ టేపు వందసార్లు విన్నాను, ఎన్నడూ పట్టించుకోలేదు. ఇక్కడ ముగ్గురు మనుషులు దానికొక పేరు పెట్టి, ఆరేళ్లు పెంచారు.

టేపు ఆపి సామ్యూల్ వాయించడం మొదలుపెట్టాడు. గిటారు ఒళ్లో, ఎడమచేత కడ్డీ, కుడికాలు చెక్క మీద. చర్చి కీర్తనలా మెల్లగా మొదలై, పాదం ఒక్కో పిసరు దిగుతుంటే తీగలు లేస్తున్నాయి. టేపులో కన్నా బాగుంది. అక్కడ యంత్రం నీరసం వల్ల ఎక్కింది, ఇక్కడ మనిషి తన బలంతో ఎక్కిస్తున్నాడు. మోహన్ సింగ్ బొజ్జల మీద కొట్టడం మానేశాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, పొగ మీదకు నెట్టేశాను.

“ఇగ సగం సుర్” అన్నాడు సామ్యూల్. నల్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. కడ్డీ మెట్టు మీద సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, ఉన్న ఒక్క కన్నూ తీగలకు జానెడు దూరంలోకి వంచాడు. పాదం దిగుతోంది. మీట కిర్రుమంది.

“ఆపండి!” అని అరిచాను. “ఆపండి, అది లేదు. ఆయన అలా వాయించలేదు.”

అన్నీ చెప్పాను. టార్చి బ్యాటరీలు, వంటవాడు, కొత్త టేపు. చెప్పడం నిమిషంలో అయిపోయింది. నవ్వుకుందామని విశాఖపట్నం నుంచి మోసుకొచ్చిన మాట అది.

“పెట్టున్రి” అన్నాడు సామ్యూల్.

కొత్త క్యాసెట్ పెట్టారు. చివరి ఇరవై నిమిషాలూ నడిచాయి. శ్రుతి మేకు కదల్లేదు. చివర చప్పట్లు, పెద్దవాళ్ల చప్పట్లు, నిదానంగా.

“మరి మున్నీ?” అన్నాడు సామ్యూల్.

“నేనేనండీ. ఆ రోజు జలుబు చేసింది.”

సేఠ్ నవ్వబోయి ఆగిపోయాడు. మోహన్ సింగ్ లేచి సామ్యూల్ భుజం మీద మట్టిచెయ్యి వేశాడు. “తో యే తేరా హై, సామూ. గోరా చెయ్యలే, నువ్వు చేసినవ్. ఇది నీదే.”

“నాదెట్లయితది భాయ్?” అన్నాడు సామ్యూల్. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. “ఒకడు ముంగట పోతున్నడు, నేను ఎనక పోతున్న అనుకున్న. ముంగట ఎవ్వడు లేడంటె, నేను యాడికి పోతున్నట్టు?”

అద్దాలు పెట్టుకుని, జేబులోంచి స్పానర్ తీసి, గిటారు తిరగేసి, అక్కడే బ్రేకు వైరు విప్పడం మొదలుపెట్టాడు.

మళ్లీ శాలిబండ

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి పోయేముందు నన్ను బస్సు స్టాపు దాకా దింపుతానన్నాడు. మార్త గుమ్మం దాకా వచ్చింది. ఆమె అడిగిన పని నేను చేశాను. అయినా ఆమె నా మొహంలోకి, నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాం. పొట్లం కట్టిన జొన్నరొట్టెలు నా చేతిలో పెట్టి, “మంచిగ పోయి రా అన్నా” అంది.

సైకిలుకు బ్రేకు వైరు ఉంది. కొత్తగా నూనె రాసి బిగించాడు. దిగుడులో సైకిలు జోరందుకుంది. అతను మీట నొక్కాడు. బండి మెత్తగా, మర్యాదగా ఆగింది. అలవాటు చొప్పున అతని కుడికాలు మాత్రం ముందే నేలకు చాచుకుని ఉంది. దాన్ని చూసి వెనక్కి తీసుకున్నాడు.

“మంచిగ పట్టుకుంటున్నది” అన్నాడు.

మొన్నటి ముసలాయన మేకలతో ఎదురొచ్చి, ఈసారి తగలనందుకు ఆశ్చర్యపడి సలాం పెట్టాడు. బస్సు వచ్చింది. “క్షమించండి సామ్యూల్ గారూ” అన్నాను. “ఏమున్నది అన్నా, ఉన్నది చెప్పినవ్” అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. నిద్రపోయే బిడ్డ వీపు మీద వేసినంత బరువు.

రైల్లో ఒళ్లో ఏమీ పెట్టుకోకుండా కూర్చున్నాను. అప్పటి నుంచి ఇన్నాళ్లూ నాలో నేను ఒక మాట అనుకుంటూ వచ్చాను, ఆమె కోసం చెప్పాను, అతని కన్ను కోసం చెప్పాను అని. అందులో సగమే నిజం. నా తప్పు నా దగ్గర ఉంచుకోలేక చెప్పాను. నా బరువు దించుకోవడానికి అంత దూరం వెళ్లి, ఒంటి కంటి మనిషి నెత్తిన పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చాక

వచ్చిన నెలకు కార్డు వచ్చింది. సామ్యూల్ చేతిరాత కాదు. పెన్సిలుతో, గీత గీసుకుని రాసిన పెద్ద పెద్ద అక్షరాలు.

‘అన్నకు మార్త రాయునది. ఈయన గిటార్ ముడ్తలేడు. చర్చిల గూడ వాయిస్తలేడు. పాస్టరయ్య అడిగితె ఇంకొకరిని చూసుకోమన్నడు. ఆదివారం ధూల్‌పేట్ పోతలేడు. వినాయకుళ్లు ఆరినయట, మోహన్ అన్న ఇంటికి వచ్చి పిల్సిండు, పోలే. పొద్దున లేస్తడు, పోతడు, వస్తడు, పంటడు. కన్ను మంచిగనే ఉన్నది. నేను గా బిగిచ్చుడు ఒక్కటి బంద్ అయితె సాలు అనుకున్న. ఇల్లు మొత్తం బంద్ అయితదని నాకు తెల్వది. నీ తాన ఇంకో టేపు ఉంటె పంపు అన్నా. తప్పుదైనా మంచిదే.’

కార్డు మూడుసార్లు చదివాను. మా ఆవిడ నిద్రపోతోంది, మధ్యాహ్నం వేళ. బీరువాలోంచి టేప్ రికార్డర్ తీసి బల్ల మీద పెట్టాను. తరువాత మేకుకు వేలాడుతున్న టార్చిలైటు తీసి, మూత తిప్పి, నీరసపడి ఉంటే బాగుండునని బ్యాటరీలు అరచేతిలోకి వంపుకున్నాను.

రెండూ కొత్తవే. పోయిన వారమే మా ఆవిడ మార్చినట్టుంది.